స్వర్ణక్క ఫోను మార్చిన శనివారం

మా రేపల్లెలో స్వర్ణలత గారిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బైబిలమ్మ ఇల్లంటే మాత్రం ఆటోవాళ్ళు సరాసరి గుమ్మం ముందే దింపుతారు. నాకామె స్వర్ణక్క. మా వీధిలోనే, మూడిళ్ళ అవతల ఉంటుంది.

ఆమె పుట్టింది చుండూరు పక్కన పల్లెలో. తండ్రి కోతలకు వెళ్ళేవాడు, తల్లి నాట్లకు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ రోజుల్లో వాళ్ళింట్లో అదే గొప్ప. ఇరవై మూడేళ్ళకే భర్త పోతే, మిషను వాళ్ళు రెండేళ్ళు శిక్షణ ఇచ్చి బైబిలు స్త్రీగా పెట్టారు. చెప్పుకోడానికి చిన్న పనే. ఇంటింటికీ వెళ్ళాలి, ఒక అధ్యాయం చదవాలి, ఆ ఇంటి ఆడమనిషి చెప్పింది వినాలి, ప్రార్థన చేసి రావాలి. వినడమే అందులో అసలు పని అంటుంది అక్క. మగవాళ్ళు బయటికెళ్ళాక పదకొండింటికి బయల్దేరి, వాళ్ళు తిరిగొచ్చేలోపు ఇల్లు చేరాలి. జీతం ఆగిపోయాక కూడా ఆమె ఆ పని మానలేదు. ఇప్పుడు అరవై నాలుగేళ్ళు.

మొదట్లో ఎవరి బాధ వాళ్ళ పేరు కింద ఒక నోటుపుస్తకంలో రాసుకునేదట. ఒక ఇంట్లో మంచినీళ్ళు తాగుతుంటే, అత్తగారు సంచిలోంచి ఆ పుస్తకం తీసి కోడలి పేజీ చదివేసింది. ఆ కోడల్ని ఏడాదిపాటు చర్చి గుడికి పంపలేదు. అక్క ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది. తర్వాత హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఫిన్నీ, తాను వాడేసి పక్కన పెట్టిన ఐఫోను తెచ్చిచ్చాడు. అది అక్క బొటనవేలు పెడితే తప్ప తెరుచుకోదు. ఆమెకు అదే కావాలి. ఎవరి నంబరు రాసుకున్నా పేరు పక్కనే వాళ్ళ మనసులో బరువు కూడా రాసేది. "మరియమ్మ పెనుమూడి – కోడలికి పిల్లల్లేరు." ఫోను మోగగానే పేరూ బాధా కలిసి కనపడేవి. "మరియమ్మా, కోడలెలా ఉందే?" అని ఎత్తుతూనే అడిగేది. అవతలి మనిషికి ప్రాణం లేచొచ్చేది.

నా పేరు పక్కన ఏముందో ఒకసారి నా కంటపడింది. "పుష్పలత – రమేష్ బాబు పోయి ఐదు నెలలు – ఇంకా ఏడవలేదు." రమేష్ బాబు మా ఆయన. నేను చూశానని అక్క గమనించింది. ఫోను బోర్లించి పెట్టింది.

ఆ ఫోనుతో అక్క తొమ్మిదేళ్ళు గడిపింది. కిందటేడాది నుంచి అందులో వాట్సాప్ నడవడం మానేసింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వాట్సాప్‌లోనే ప్రార్థనలు పంపుతారు. ఫిన్నీ కూడా ఈ మధ్య వేరే రకానికి మారాడు. "అక్కా, అందరిలాంటిది ఒకటి తీసుకో, ఇక నా దగ్గర పాతవి లేవు" అన్నాడు. అలా మొన్న, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున, నన్ను తోడు తీసుకుని తెనాలి బయల్దేరింది.

బోసు రోడ్డులో అజయ్ బాబు అని మాకు తెలిసినతనికి ఫోన్ల కొట్టు ఉంది. కొత్త ఫోను పెట్టెలోంచి తీసి, పాత ఫోనుకు ఒక తీగ కలిపాడు. కొత్త ఫోను తెర మీద జీమెయిల్ అడిగింది.

"జీమెయిల్ ఉందా అమ్మా?"

"ఉంది నాయనా, చర్చిది."

"చర్చిదేంటమ్మా, మీది చెప్పండి."

"చర్చిది నాది కాదంటావా?" అంది అక్క నవ్వుతూ. కరోనా రోజుల్లో చర్చి ఫోను కొన్నప్పుడు ఆ ఖాతా తెరిచింది అక్క నంబరు మీదే. పాస్‌వర్డు కూడా అక్కే పెట్టింది. హల్లెలూయ, దాని పక్కన గుడికి పునాది వేసిన సంవత్సరం. అక్క చెబుతుంటే అతను టైపు చేశాడు.

"నాలుగొందల పన్నెండు పేర్లు వస్తున్నాయమ్మా. ఎంతమందీ మీకు!"

పేర్లు తెర మీద కదలడం మొదలవగానే అక్క పైటకొంగు తీసి ఫోను మీద కప్పేసింది. అజయ్ బాబు వింతగా చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. అన్నీ వచ్చాక పాత ఫోను సంచిలో వేసుకుని స్టేషనుకొచ్చి నాలుగింటి రేపల్లె బండి ఎక్కాం.

బండిలో అక్క కొత్త ఫోనుతో తంటాలు పడింది. అస్తమానం బొటనవేలు కింద గుండ్రటి బటను కోసం వెతుక్కునేది. అక్కడ బటనేమీ లేదు. "గుడ్డిదాన్నయ్యానే పుష్పా" అంది. నేనెప్పుడూ ఈ రకం ఫోన్లే వాడాను కాబట్టి వేలితో ఎలా తోయాలో చూపించాను. వేమూరు దగ్గర ఫొటోలు తెరిచింది. తెర నిండా ఒక మొహం. చిట్టిబాబు.

చిట్టిబాబు గురించి చెప్పాలి. మా గుడిలో ఆదివారం ఆరాధన లైవ్ పెట్టేది అతనే. చర్చి ఫోను అతని చేతిలోనే ఉంటుంది. గుడి శుభ్రం దగ్గర్నుంచి మైకుల దాకా ఏ పనికైనా ముందుంటాడు. అతని భార్య సామ్రాజ్యం. రెండుసార్లు చెయ్యి విరిగింది ఆ పిల్లకు. రెండుసార్లూ స్నానాలగదిలో జారానంది. ఎనిమిది నెలల కిందట కట్టుబట్టలతో ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎవరితోనో పోయిందన్నారు, గల్ఫుకెళ్ళిందన్నారు. ఆమె బాపట్లలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోందని స్వర్ణక్కకు తెలుసు. ఆ పనిలో పెట్టించింది అక్కే. నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది, అదీ ఒక్కత్తీ మోయలేక.

ప్రతి ఆదివారం ప్రార్థన మనవుల దగ్గర చిట్టిబాబు లేచి నిలబడేవాడు. "నా ఇల్లాలు ఇంటికి రావాలని సంఘమంతా ప్రార్థించండి" అనేవాడు. అందరూ కళ్ళు తుడుచుకునేవారు.

"ఇతని ఫొటో నీ ఫోన్లోకి ఎలా వచ్చిందక్కా?" అన్నాను.

అది కిందటి ఆదివారం లైవ్‌కి ముందు కెమెరా చూసుకుంటూ తనను తాను తీసుకున్న ఫొటో. కిందకి తోస్తే గుడి ఫొటోలన్నీ వరసగా ఉన్నాయి. చర్చి ఫోనులో ఉన్నవన్నీ.

అక్క ఇంకా కిందకి తోసి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "అక్కడివి ఇక్కడికొచ్చాయంటే, ఇక్కడివి అక్కడికి పోయాయి కదే?"

పేర్లు తెరిచి, సామ్రాజ్యం దగ్గరికి తోశాం. "సామ్రాజ్యం – బాపట్ల హాస్టలు వంట – చిట్టిబాబుకి తెలియకూడదు." నంబరుతో సహా.

అజయ్ బాబుకు ఫోను చేశాను. "ఆ ఖాతా ఫోన్లోంచి తీసేయండి పిన్నిగారూ, అంతే" అని ఎక్కడ నొక్కాలో చెప్పాడు. నొక్కాం. పేర్లన్నీ మాయమయ్యాయి. అక్క కళ్ళు మూసుకుని "స్తోత్రం తండ్రీ" అంది. భట్టిప్రోలు రాకముందే అజయ్ బాబే మళ్ళీ చేశాడు.

"పిన్నిగారూ, ఒక మాట మరిచిపోయానండి. మీ ఫోన్లోంచి పోయాయి గానీ, ఖాతాలో పేర్లు అలాగే ఉంటాయి. చర్చి ఫోనుకు నెట్టు తగలగానే అందులోకి దిగిపోతాయి. మీరు మళ్ళీ లోపలికెళ్ళి పేర్లు చెరపాలండి."

"ఇప్పటికే దిగిపోయాయేమో బాబూ?"

"ఆ ఫోనుకు నెట్టు ఉందా అండి?"

అక్క నా మొహం చూసింది. చర్చి ఫోనులో సిమ్ము లేదు. లైవ్ పెట్టేటప్పుడు చిట్టిబాబు తన ఫోను లోంచి హాట్‌స్పాట్ ఇస్తాడు. మిగతా వేళల్లో అది గుడి బీరువాలో ఉంటుంది. ఆదివారం దాకా టైముందనుకుని ఊపిరి పీల్చుకోబోతుంటే అక్క అంది, "ఇవాళ సాయంత్రం ఐదింటికి మట్టల పాటలు నేర్చుకుంటారే. రేపటి కోసం లైవ్ ఒకసారి పెట్టి చూసుకుంటానన్నాడు."

టైము నాలుగున్నర దాటింది.

పాస్‌వర్డు అక్కే కొట్టింది. బండి ఊగుతోంది, కొత్త తెర మీది అక్షరాల వరస ఆమెకు అలవాటు లేదు. తప్పు. మళ్ళీ తప్పు. నేను తీసుకుని కొట్టాను. ఇంగ్లీషులో హల్లెలూయకు ఎన్ని ఎల్‌లు ఉంటాయో నాకు తెలిస్తేగా. నాలుగోసారో ఐదోసారో "చాలాసార్లు ప్రయత్నించారు, తర్వాత రండి" అని వచ్చింది. పల్లికోనలో బండి ఎందుకో చాలాసేపు ఆగింది. అక్క కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

స్టేషను నుంచి ఆటోలో గుడికెళ్ళేసరికి ఐదుంబావు. లోపల ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని పాడుతున్నారు. పాస్టరుగారి భార్య ప్రమీలారాణి అమ్మగారు హార్మోనియం ముందు ఉన్నారు. చిట్టిబాబు వేదిక దగ్గర స్టాండుకు చర్చి ఫోను బిగిస్తున్నాడు. రెండో చేతిలో తన ఫోను.

అక్క చెప్పులు విప్పి నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"చిట్టిబాబూ, ఆ ఫోను ఇటివ్వు నాయనా."

"ఏంటి పెద్దమ్మా, మీరూ పాడతారా లైవ్‌లో? ఒక్క నిమిషం, నెట్టు ఇస్తున్నా."

"నెట్టు ఇవ్వద్దు."

అతను నవ్వడం ఆపాడు. "ఏమైంది?"

నేను వెనక నిలబడి, ఏదో ఒక అబద్ధం చెప్పక్కా అని మనసులో వేడుకుంటున్నాను. ఫోను పాడైందని చెప్పు, పాస్టరు అయ్యగారు తెమ్మన్నారని చెప్పు. ఆమె జన్మలో అబద్ధమాడలేదు. ఇప్పుడు మొదలుపెట్టినా రాదు.

"నా కొత్త ఫోనుకు చర్చి ఖాతా పెట్టాను. తెలియక చేశాను. నెట్టు తగిలితే నా పేర్లన్నీ అందులోకి దిగుతాయి. వాళ్ళ ప్రార్థనలతో సహా. అవి ఎవరూ చూడకూడదు."

"మేం చూస్తే ఏమవుద్ది పెద్దమ్మా? నేనేమన్నా బయటోణ్ణా?" అని చుట్టూ చూసి మళ్ళీ నవ్వాడు. "మా ఇంటోళ్ళ పేర్లు కూడా ఉన్నాయా ఏంటి?"

పాట ఆగిపోయింది. హార్మోనియం ఒక్క స్వరం మీద ఇంకా మూలుగుతోంది.

"ఉంది. సామ్రాజ్యం పేరుంది" అంది అక్క.

చిట్టిబాబు స్టాండు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. "ఎక్కడుంది?"

"చెప్పను."

"ఎనిమిది నెలల నుంచి నా పక్కన మోకాళ్ళేసి ప్రార్థన చేశావు కదా. ఇంటికి రావాలని. తెలిసే చేశావా?"

"ఇంటికి రావాలని నేనెప్పుడూ అనలేదు. ఆ బిడ్డను కాపాడు తండ్రీ అన్నాను. ఆమేను అన్నది నువ్వే."

అతని మొహం ఎర్రబడింది. మాట్లాడకుండా తన ఫోను ఎత్తి, మా కళ్ళ ముందే హాట్‌స్పాట్ నొక్కాడు. అక్క స్టాండు లోంచి చర్చి ఫోను లాక్కుంది. లాక్కుందిగానీ ఆపడం తెలియదు. వేలు మళ్ళీ కింద గుండ్రటి బటను కోసం వెతుకుతోంది. తెర మీద నెట్టు గీతలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. నేను ఆమె చేతుల్లోనే పక్క బటను నొక్కి పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో. తెర నల్లబడింది.

"అది సంఘం సొత్తు. ఇటివ్వండి" అంటూ అతను రెండడుగులు ముందుకేశాడు.

అప్పుడు చాప మీద నుంచి ఒకామె అడిగింది. "అక్కా, నాది కూడా ఉందా అందులో?"

"ఉందమ్మా."

"నాది?"

"నీదీ ఉంది."

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పక్క మనిషికి చెప్పనివి, తల్లికి చెప్పనివి, ఈవిడకు చెప్పినవి. ఎవరు ముందు లేచారో నాకు గుర్తులేదు. పదిమంది లేచి అక్కకూ చిట్టిబాబుకూ మధ్య నిలబడ్డారు. ప్రమీలారాణి అమ్మగారు ఎప్పుడూ చిట్టిబాబు పక్షమే. ఇలాంటి భర్తను వదిలి వెళ్ళడమేంటని గుడి గుమ్మంలో నిలబడి అన్న మనిషి. ఆవిడ కూడా హార్మోనియం మూసి వచ్చారు.

"స్వర్ణమ్మ గారూ, నా..."

"ఉందమ్మగారూ" అంది అక్క, ఆవిడకు మాత్రమే వినపడేలా.

అమ్మగారు చిట్టిబాబు వైపు తిరిగారు. "ఇంటికెళ్ళు బాబూ. రేపు లైవ్ వద్దు."

"నేను మీకేం అన్యాయం చేశానండి?" అన్నాడు. ఆ మాటకు ఎవరైనా కరుగుతారు. మామూలుగా అయితే కరిగేవాళ్ళం. ఆవేళ ఎవరూ పక్కకు జరగలేదు. అతను అక్క వైపు చాలాసేపు చూసి, "ఎన్నాళ్ళు దాస్తావో చూస్తా" అని వెళ్ళిపోయాడు. బయట బండి స్టార్టు చేసిన చప్పుడు వినపడిందిగానీ, దూరం వెళ్ళిన చప్పుడు చాలాసేపటిదాకా వినపడలేదు.

అయ్యగారింట్లో కూర్చుని, నెట్టు లేకుండానే చర్చి ఫోను వెలిగించాం. పేర్లు చూస్తే ఏడే ఉన్నాయి. అయ్యగారు, కరెంటు లైన్‌మాను, షామియానా, అలాంటివి. అక్కవి ఏవీ దిగలేదు. అప్పుడు అందులోంచి చర్చి ఖాతా తీసేశాం. గంట పోయాక నా ఫోను లోంచి అక్క ఖాతాలోకి వెళ్ళింది, ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ. నాలుగొందల పన్నెండు పేర్లకూ టిక్కు పెట్టాను. తొలగించాలా అని ఫోను అడిగింది. అక్క వేలు పెట్టింది. చెత్తబుట్టలో ఉంటాయని అజయ్ బాబు చెబితే అక్కడా చెరిపాం. అమ్మగారు పక్కనే కూర్చుని అయిపోయేదాకా కదల్లేదు. ఆవిడ బరువేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

"కొత్త ఫోనులో మళ్ళీ రాసుకుంటావా అక్కా?" అన్నాను.

"పాత ఫోను చూసి పేరు ఒక్కటే రాస్తా, తర్వాత దాన్నీ చెరిపేస్తా. మిగతాది గుర్తున్నంత గుర్తుంటుంది. గుర్తులేనిది మళ్ళీ అడుగుతా, ఏమనుకుంటారు" అంది.

పేర్లు పోయాయిగానీ, స్వర్ణక్కకు తెలుసన్న సంగతి చిట్టిబాబుకు తెలిసిపోయింది. దాన్ని చెరిపే బటను లేదు. ఆదివారం అతను గుడికి రాలేదు. అక్క ఇంటి ఎదురుగా టీ బడ్డీ దగ్గర బండి మీద కూర్చున్నాడు. మేం మట్టలు పట్టుకుని పాడుకుంటూ వీధిలో వెళ్తుంటే మాలో అక్క ఎటు నడుస్తోందో చూశాడు. సోమవారం పొద్దున కూడా అక్కడే ఉన్నాడు. అక్క పాలపాకెట్టుకు వెళ్తే వెనకే బండి.

"నేను బస్టాండు గడప తొక్కలేను పుష్పా. సామ్రాజ్యానికి ఫోను చేసి చెబుదామంటే ఆ పిల్ల భయపడి ఏం చేసుద్దో. మనిషి ఎదురుగా ఉండి చెప్పాలి" అంది అక్క.

నన్నెవరూ పట్టించుకోరు. మా ఆయన పోయాక ఇంకా తగ్గింది. కూరగాయల సంచి పట్టుకుని చిట్టిబాబు ముందు నుంచే నడిచాను. అతను తలెత్తి, "వందనాలు పిన్నీ" అన్నాడు. "వందనాలయ్యా" అన్నాను. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బాపట్ల బస్సు ఎక్కాను. దారి పొడుగునా బస్సు ఆగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాను.

హాస్టలు వెనక వంటగది గుమ్మంలో సామ్రాజ్యం పప్పు కడుగుతోంది. లావైంది. జుట్టు బిగించి ముడేసుకుంది. నన్ను చూడగానే గిన్నె కింద పెట్టింది.

"స్వర్ణక్కకి ఏమైంది వదినా?"

"అక్క బాగుంది" అని జరిగింది మొత్తం చెప్పాను. ఆమేను సంగతి చెప్పినప్పుడు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అందరి ముందూ అడిగాడా? ఎక్కడుందని?"

"అడిగాడు. అక్క చెప్పనంది."

"ఎంతకాలం చెప్పకుండా ఉంటుంది వదినా? రోజూ గుమ్మం ముందు కూర్చుంటాడు. మాట్లాడతాడు, ఏడుస్తాడు. నాకు తెలుసు కదా, నేను ఎన్నిసార్లు కరిగానో." చేతులు చీరకు తుడుచుకుని లోపలికెళ్ళింది. వార్డెనుతో మాట్లాడినట్టుంది. అరగంటకు ఒక సంచితో బయటికొచ్చింది. వార్డెను ఆమెతోపాటు గేటు దాకా వచ్చి, అడ్రసు రాసిన ఒక కాగితం చేతిలో పెట్టి, భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. ఎండ మండిపోతోంది. వేగంగా నడుస్తూ రెండుసార్లు నా చెయ్యి పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది.

"ఎక్కడికే?" అన్నాను.

"నీకు చెప్పను. అక్కకు కూడా చెప్పొద్దు."

"మేం ఎవరికీ చెప్పమే."

"తెలుసు వదినా. తెలిస్తే దాచాలి కదా. అక్క నా కోసం దాచి దాచి అలిసిపోయింది. ఇక నాది నేనే మోస్తా." సంచి భుజం మార్చుకుని అంది, "బాగున్నానని అప్పుడప్పుడు ఎవరి ఫోన్లోంచైనా చేస్తా. నంబరు రాసుకోవద్దని చెప్పు."

అక్కణ్ణుంచి చీరాల, పొన్నూరు, గుంటూరు, ఎటు కావాలంటే అటు బస్సులున్నాయి. నేను ఆమెకు వీపు పెట్టి, గోడ మీద సబ్బు బొమ్మ వైపు తిరిగి నిలబడ్డాను. ఒక బస్సు కదిలింది, తర్వాత ఇంకొకటి, ఆ వెంటనే మూడోది. ఎందులో ఎక్కిందో చూడలేదు. చాలాసేపయ్యాక తిరిగి చూస్తే అక్కడ ఆమె లేదు. అప్పుడు రేపల్లె బస్సు ఎక్కడాగుతుందో అడిగి అటు నడిచాను.